వ్యాపారం ఎవరి పేరు మీద? గోదావరి డెల్టా ఆడవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సొంతంగా ఏదైనా మొదలుపెడదామనుకునే ఆడవాళ్లు, వాళ్లతో పాటు వచ్చే భర్తలు, అన్నదమ్ములు, అప్పుడప్పుడు అత్తగార్లు అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. పాలకొల్లు, నరసాపురం, రాజోలు, అమలాపురం, రావులపాలెం చుట్టుపక్కల సంగతులే ఎక్కువ. నేను లెక్కలు రాసే మనిషిని. అందుకని ధైర్యం చెప్పే మాటలు తక్కువ, డబ్బు మాటలు ఎక్కువ ఉంటాయి. పథకాల గడువులు, పరిమితులు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే ముందు బ్యాంకులోనో జిల్లా పరిశ్రమల కేంద్రంలోనో ఒకసారి కనుక్కోండి.

మా వైపు ఆడవాళ్లు వ్యాపారం చేయడం కొత్త కదా?

చేయడం పాతదే. అది వాళ్ల పేరు మీద ఉండడమే కొత్త.

ఆత్రేయపురం వెళ్లి చూడండి. తెల్లవారకముందే పూతరేకులు తీసే ఆవిడ పొయ్యి ముందు కూర్చుంటుంది. పొయ్యి మీద బోర్లించిన కుండ, కింద ఎండుటాకుల మంట. పలచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఇలా పరిచి అలా లాగేస్తుంది. రెప్పపాటులో రేకు లేస్తుంది. పిండి కాస్త చిక్కబడినా, మంట కాస్త తగ్గినా రేకు చిరుగుతుంది. ఆ చెయ్యి ఏళ్ల తరబడి కుదిరిన చెయ్యి. ఆ రేకులు లెక్కపెట్టి కట్టలుగా దుకాణానికి వెళ్తాయి. నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లమో జీడిపప్పో వేసి చుట్టి, డబ్బాలో సర్ది, మీద పేరు అచ్చేసి అమ్మేది దుకాణం. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. గుర్తింపు వచ్చాక ధర పెరిగేది డబ్బాకే గాని రేకుకి కాదు.

నరసాపురం లేసుదీ అదే కథ. మిషనరీల కాలంలో గోదావరి జిల్లాలకు వచ్చిన అల్లిక అది, 2024లో దానికీ గుర్తింపు దక్కింది. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఈ లేసు పని మీద పరిశోధన చేశారు. ఆవిడ గమనించింది ఏమిటంటే, అల్లేవాళ్లు ఆడవాళ్లు, ఏజెంట్లూ ఎగుమతిదారులూ మగవాళ్లు. రోజులో అన్ని గంటలు అల్లినా ఆడవాళ్లను అందరూ 'ఇంట్లో ఉండి ఖాళీ టైములో ఏదో అల్లుకునేవాళ్లు' అనే లెక్కేశారు. ఇప్పటికీ అదే మాట వినిపిస్తుంది.

అయినా ఆడవాళ్లు సొంతంగా మొదలుపెట్టేది తక్కువే. ధైర్యం చాలకనా?

తక్కువన్నది నిజం. 2013-14 ఆరో ఆర్థిక గణన ప్రకారం దేశంలో దాదాపు 5.85 కోట్ల సంస్థలుంటే, వాటిలో ఆడవాళ్లు నడిపేవి 13.76 శాతం. అందులోనూ నూటికి 83 చోట్ల జీతానికి పెట్టుకున్న మనిషి ఒక్కరూ లేరు.

ధైర్యం సంగతికొస్తే, నేను చూసింది వేరు. రొయ్యల చెరువుకి తెల్లమచ్చ రోగం తగిలి పది లక్షలు పోతే ఊళ్లో ఏమంటారు? 'ఈ పంట కలిసి రాలేదు, వచ్చే పంటకి చూసుకుందాం' అంటారు. మేత కొట్టువాడు మళ్లీ అరువిస్తాడు. అదే ఇంట్లో ఆవిడ టైలరింగ్ షాపు పెట్టి యాభై వేలు పోగొట్టుకుంటే, 'నీకెందుకే ఈ వ్యాపారాలు, చెబితే విన్నావా' అన్న మాట పదేళ్లు వినాలి. మగవాడి నష్టానికి కారణం సీజను, ఆడదాని నష్టానికి కారణం ఆడది. ఈ తేడా తెలిసిన మనిషి వెనకాడితే దాన్ని పిరికితనం అనలేం. ఆమె లెక్క ఆమె వేసుకుంది, అంతే.

డ్వాక్రా అప్పు నా పేరున తీసుకుని ఆ డబ్బు మా ఆయన చెరువు లీజుకి ఇచ్చాం. అది నా వ్యాపారం కిందకి వస్తుందా?

రాదు. అప్పు మాత్రం మీదే.

ఈ ప్రశ్న మీద ప్రపంచంలో మంచి పరిశోధనే జరిగింది. శ్రీలంకలో చిరువ్యాపారులకు ఉచితంగా పెట్టుబడి ఇచ్చి చూశారు. 2008లో వచ్చిన ఆ ఫలితాల్లో మగవాళ్ల లాభాలు పెరిగాయి, ఆడవాళ్లవి పెరగలేదు. చాలామంది 'చూశారా, ఆడవాళ్లకి పెట్టుబడి ఇచ్చినా ఉపయోగం లేదు' అనుకున్నారు. తర్వాత మరికొందరు ఆర్థికవేత్తలు మన దేశం, శ్రీలంక, ఘనా లెక్కలు మళ్లీ తిరగేశారు. ఆడవాళ్ల పేరున వచ్చిన డబ్బు ఆ ఇంట్లోని మగవాళ్ల వ్యాపారంలోకి వెళ్తోందని తేలింది. ఇంట్లో ఆమెది ఒక్కటే వ్యాపారం అయినచోట రాబడి మగవాళ్లతో సమానంగా ఉంది. భీమవరం పక్క ఏ ఊరి గ్రామ సంఘంలో అడిగినా ఈ మాట ముందే చెప్పేవాళ్లనుకోండి, అది వేరే సంగతి.

చెరువులో పెట్టడం తప్పని నేను అనను. ఇంటికి అదే ఎక్కువ లాభమైతే పెట్టండి. కాకపోతే ఎంత ఇచ్చారు, ఏ తారీఖున ఇచ్చారు, సంఘం కిస్తీ ఎవరు కడతారు, పట్టుబడి (చెరువులో సరుకు పట్టి అమ్మడం) అయ్యాక మీకెంత తిరిగి రావాలి అన్నవి ఒక నోటుబుక్కులో రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. 'మొగుడూ పెళ్లాల మధ్య కాగితాలేమిటి' అంటారు. చెరువు లీజుకి కాగితం ఉంది, మేతకి ఖాతా ఉంది, కూలీల అడ్వాన్సుకి చిట్టా ఉంది. మీ డబ్బుకి మాత్రం అక్కర్లేదా?

వేరే బ్యాంకు ఖాతా తప్పనిసరా?

తప్పనిసరి అని ఏ చట్టమూ అనదు. నేను అంటాను.

టిఫిన్ బండి మీద స్కానర్ ఎవరి నంబరుదో చూసుకోండి. ఇడ్లీ ఆవిడ వేస్తుంది, చట్నీ ఆవిడ రుబ్బుతుంది, సౌండ్ బాక్సు 'యాభై రూపాయలు అందాయి' అంటుంది. ఆ యాభై వెళ్లేది కాలేజీకి వెళ్లిన కొడుకు ఫోనుకి. ఏడాది తర్వాత ఆవిడ లోనుకి వెళ్తే చూపించడానికి స్టేట్‌మెంటు ఉండదు. వ్యాపారం బాగానే నడుస్తున్నా బ్యాంకు దృష్టిలో ఆవిడకి ఆదాయమే లేదు.

బ్యాంకులో 'మీ వారిని తీసుకురండమ్మా' అంటున్నారు. ఆయన సంతకం లేకుండా లోను రాదా?

భర్త సంతకం ఉండాలని చట్టంలో ఎక్కడా లేదు. అప్పులిచ్చే విషయంలో ఆడ, మగ, కులం, మతం తేడా చూపకూడదని రిజర్వు బ్యాంకు 2003లోనే బ్యాంకులకు చెప్పింది. చిన్న పరిశ్రమలకు ఒక పరిమితి వరకు తనఖా అడగకూడదన్నది కూడా దాని నిబంధనే. చిరువ్యాపారాల కోసం కేంద్రం పెట్టిన ముద్ర లోన్లు ఈ కోవలోవే: శిశు 50,000 వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు. తరుణ్ తీసుకుని సరిగ్గా తీర్చినవాళ్లకి 20 లక్షల దాకా ఇస్తారు.

ఒక మెలిక ఉంది. ఇల్లో పొలమో తనఖా పెడుతూ, అది ఇద్దరి పేరునో ఆయన పేరునో ఉంటే ఆయన సంతకం కావాల్సిందే. అది ఆస్తి యజమానిగా పెట్టే సంతకం. అలా కాక ఊరికే 'మగదిక్కు ఉంటే మంచిది' అని అడుగుతుంటే, ఎందుకు కావాలో రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి. ఈ ఒక్క మాటతో సగం అడ్డంకులు పోతాయి. అప్పటికీ కాకపోతే బ్యాంకుకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి) పెట్టుకోవచ్చు, దానికి ఫీజు లేదు.

ఆడవాళ్లకి సబ్సిడీ ఎక్కువట కదా, ఎంత?

కొత్త యూనిట్లకి సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీ గురించి అడుగుతున్నారనుకుంటాను. 6 లక్షల యూనిట్ పల్లెటూళ్లో పెడుతున్నారనుకోండి. జనరల్ కేటగిరీ మగవాడైతే చేతి నుంచి 10 శాతం, అంటే 60,000 పెట్టాలి, సబ్సిడీ 25 శాతం, అంటే 1,50,000. ఏ కులానికి చెందిన ఆడవాళ్లైనా ప్రత్యేక కేటగిరీలోకే వస్తారు. చేతి నుంచి 5 శాతం, 30,000 చాలు. సబ్సిడీ 35 శాతం, 2,10,000. పట్టణంలో ఈ సబ్సిడీ 25 శాతమే. తయారీకి 50 లక్షలు, సేవలకు 20 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. తయారీలో 10 లక్షలు, సేవల్లో 5 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి.

సబ్సిడీ చేతికి రాదు. బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్టుగా ఉండి, యూనిట్ నడుస్తోందని చూశాక అప్పులో జమవుతుంది. ఇంకో సంగతి: భార్యాభర్తల్లో ఒక్కరికే ఇస్తారు. ఆయన ఇప్పటికే తీసుకుని ఉంటే మీకు రాదు. నడుస్తున్న వ్యాపారానికి కూడా రాదు, కొత్తదై ఉండాలి.

ఈ 10 శాతం తేడా కోసమే ఎందరో భర్తలు, మరుదులు ఆడవాళ్ల పేరు మీద యూనిట్లు పెడతారు. అడిగినచోటల్లా సంతకం పెట్టిన ఆవిడకి మిషను ఎక్కడుందో కూడా తెలియదు. కిస్తీలు ఆగితే నోటీసు ఆవిడకే వస్తుంది, అప్పులు తీర్చే తీరు చూసి వేసే సిబిల్ స్కోరు ఆవిడదే పాడవుతుంది. మీరు పని చేయని, లెక్క చూడని వ్యాపారానికి మీ పేరు ఇవ్వకండి. అన్నయ్య అడిగినా సరే.

పసుపు కుంకుమ కింద నాన్నగారు ఇచ్చిన పొలం, బంగారం పెట్టుబడికి వాడొచ్చా?

అవి మీవే. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆడవాళ్లకు దఖలుపడిన ఆస్తికి వాళ్లే పూర్తి హక్కుదారులు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా అన్నది దేశమంతటా 2005లో వచ్చింది గాని, మన రాష్ట్రం ఎన్టీఆర్ హయాంలోనే చట్టం సవరించి, 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి తెచ్చింది. అప్పటికి పెళ్లికాని కూతుళ్లకే అన్న షరతు అందులో ఉండేది.

చిక్కంతా కాగితంలో ఉంది. ఎకరం పసుపు కుంకుమ కింద ఇచ్చామని పెళ్లిలో పదిమంది ముందు చెబుతారు. పాస్‌బుక్కు మాత్రం నాన్నగారి పేరునో అన్నయ్య పేరునో అలాగే ఉండిపోతుంది. మక్తా (కౌలు) డబ్బులు పండగకి చీరతో పాటు వస్తుంటాయి కాబట్టి ఎవరూ కదపరు. బ్యాంకుకి మాత్రం అది మీ పొలం కాదు. వ్యాపారం ఆలోచన ఉన్నా లేకపోయినా ముందు గిఫ్టు డీడు రిజిస్టరు చేయించుకోండి.

బంగారం విషయంలో నా అభిప్రాయం గట్టిది. ఉన్నదాంట్లో మూడో వంతుకి మించి తాకట్టు పెట్టొద్దు. గోల్డు లోను గంటలో వస్తుంది, అందుకే మనం ఆలోచించం. మొదటి ఏడాది అమ్మకం పడిపోయే నెలలు ఉంటాయి. వరదల టైములో లంక గ్రామాల్లో, ఆషాఢంలో బట్టల కొట్లలో తెలుస్తుంది. ఆ నెలలకి మిగిలిన బంగారమే అండ.

మా ఆయనే పెట్టుబడి ఇస్తానంటున్నారు. మంచిదే కదా?

మంచిదే. ఒక పన్ను సంగతి మాత్రం తెలుసుకోండి, ఇది చాలామందికి చెప్పేవాళ్లుండరు. భర్త ఊరికే ఇచ్చిన డబ్బుతో భార్య వ్యాపారం పెడితే, ఆ డబ్బు వాటాకి వచ్చిన లాభాన్ని ఆదాయపు పన్ను లెక్కలో భర్త ఆదాయంలో కలుపుతారు. ఆయన పన్ను కట్టేంత ఆదాయం ఉన్నవారైతే, బ్యాంకు ద్వారా వడ్డీకి అప్పుగా ఇచ్చి, మీరు తిరిగి కడుతున్నట్టు చూపితే ఆ పేచీ ఉండదు.

ఇంట్లో వండినవి అమ్ముతానంటే మా అత్తగారు నామోషీ అంటున్నారు.

డొక్కా సీతమ్మ గారు పుట్టిన గడ్డ ఇది. లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవాళ్లకి కూడా అన్నం పెట్టి పేరు తెచ్చుకున్న తల్లి. వండి పెట్టే ఆడదానికి ఇక్కడ దండం పెడతారు. అదే వంటకి డబ్బు తీసుకుంటే ముఖం చిట్లిస్తారు. అన్నం అమ్ముకోకూడదన్నది పాతకాలపు పట్టింపు, అత్తగారు అక్కడి నుంచి మాట్లాడుతున్నారు. వాదించి లాభం లేదు. తాపేశ్వరంలో మడత కాజా, కాకినాడలో గొట్టం కాజా అమ్మి పేరు తెచ్చుకున్న మగవాళ్లని ఎవరూ నామోషీ అనలేదని మాత్రం ఒకసారి గుర్తుచేయండి. చాలా ఇళ్లల్లో మొదటి సంక్రాంతి ఆర్డర్లు వచ్చాక అరిసెల పాకం పట్టేది అత్తగారే.

కాగితాల వరకు: ఇంటి నుంచి చిన్నగా చేసేవాళ్లకి ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చాలు, ఏడాదికి 100 రూపాయలు. ప్యాకెట్ మీద ఆ 14 అంకెల నంబరు, తయారైన తేదీ, బరువు, దినుసులు, పచ్చ చుక్క ఉండాలి.

హైదరాబాద్‌కి పార్సిల్ పంపితే జీఎస్టీ కావాలా?

సరుకు అమ్మేవాళ్లకి మన రాష్ట్రంలో ఏడాదికి 40 లక్షల అమ్మకాల వరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయితే వేరే రాష్ట్రానికి అమ్మితే ఆ మినహాయింపు సాధారణంగా వర్తించదు. 2014 నుంచి హైదరాబాద్ వేరే రాష్ట్రం. బస్సులో పచ్చళ్ల పార్సిల్ వేసే చాలామందికి ఇది గుర్తుండదు. హస్తకళల సరుకుకి కొంత వెసులుబాటు ఉంది, లేసువాళ్లు ఆ సంగతి ప్రత్యేకంగా కనుక్కోండి.

లాభం వస్తున్నట్టే ఉంటుంది, చేతిలో ఏమీ మిగలదు. ఎందుకని?

మీ గంటలు లెక్కలో వేసుకోవడం లేదు.

ఒక లెక్క వేద్దాం. మూడు కిలోల సున్నుండలు చేశారు. మినుములు, బెల్లం, నెయ్యి, గ్యాసు, డబ్బాలు అన్నీ కలిపి కిలోకి 520 అయింది. 650కి అమ్మారు. కిలోకి 130 లాభం, మూడు కిలోలకి 390 అంటారు. మినుములు దోరగా వేయించడం, మర పట్టించడం, నెయ్యి కాచడం, చుట్టడం, డబ్బాల్లో పెట్టడం, కొరియర్ దగ్గరికి వెళ్లిరావడం కలిపి ఐదు గంటలు. గంటకి 78 రూపాయలు. అదంతా మీ కూలి. లాభం ఇంకా మొదలవలేదు.

ఆ ఐదు గంటలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది ఇంకో ప్రశ్న. 2019లో కేంద్ర ప్రభుత్వం చేయించిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, ఇంటిపని చేసే మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. వ్యాపారం మొదలుపెట్టాక ఆ 299 తగ్గకపోతే, తగ్గేది మీ నిద్ర. వంట ఎవరు, పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చేదెవరు అన్నవి మిషను కొనకముందే ఇంట్లో తేల్చుకోవాలి. కొన్నాక అడిగితే అందరికీ టెన్షనే.

ఒక్కదాన్నే మొదలుపెట్టాలంటే భయంగా ఉంది.

తోడు తెచ్చుకోండి. అహ్మదాబాద్‌లో ఆడవాళ్ల కోసం నడిచే సేవా బ్యాంకు ఖాతాదారులకు రెండు రోజుల వ్యాపార శిక్షణ ఇస్తూ కొందరిని ఒంటరిగా, కొందరిని స్నేహితురాలితో రమ్మన్నారు. స్నేహితురాలితో వచ్చినవాళ్లు లోను తీసుకుని దాన్ని వ్యాపారంలో పెట్టడం ఎక్కువగా జరిగింది. బయటికి వెళ్లడానికి కట్టుబాట్లు ఎక్కువున్న ఇళ్ల ఆడవాళ్లలో తేడా మరీ కనిపించింది. తోడుగా రావడం వేరు, భాగస్వామిగా చేరడం వేరు. భాగస్వామ్యమైతే డీడు రాసుకోండి.

మగవాళ్లకి ఇబ్బందులే లేవా?

ఎందుకు లేవు. 'వ్యాపారం చేసే కుర్రాడికి పిల్లనెవరిస్తారు' అన్న మాట మండపేట నుంచి మొగల్తూరు దాకా వినిపిస్తుంది. పైగా మగవాడు చిన్నగా మొదలుపెడితే పరువు తక్కువ. బజ్జీల బండితో మొదలయ్యే పని పది ఎకరాల చెరువు లీజుతో మొదలవుతుంది, అప్పూ అలాగే. ఆడవాళ్లకి చిన్నగా మొదలుపెట్టే వెసులుబాటు ఉంది. దాన్ని వాడుకోండి గాని అక్కడే ఆగిపోకండి. మొదటి సహాయకురాలిని జీతానికి పెట్టుకున్న రోజు నుంచే అది వ్యాపారంలా నడుస్తుంది.

ట్రాన్స్‌జెండర్లకి ఈ పథకాలు వర్తిస్తాయా?

వర్తిస్తాయి. 2022 మార్పుల తర్వాత పీఎంఈజీపీలో వాళ్లూ ప్రత్యేక కేటగిరీలోనే ఉన్నారు. 2019 చట్టం కింద కలెక్టరు ఆఫీసు ఇచ్చే గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి.

భార్యాభర్తలం ఇద్దరం చూసుకుంటాం. పేరు ఎవరిదైతే ఏం?

గల్లాపెట్టె దగ్గర పదేళ్లు కూర్చున్నా, ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఆయన పాన్ మీద ఉంటే అది మహిళల సంస్థ కాదు. కేంద్ర ప్రభుత్వ శాఖలూ సంస్థలూ తమ కొనుగోళ్లలో 25 శాతం చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలి, ఆ 25లో 3 ఆడవాళ్ల సంస్థలకి. ఆ తలుపు మీకు తెరుచుకోదు. రేపు ఆయనకి ఏమన్నా అయితే ఖాతా, లైసెన్సు, షాపు అగ్రిమెంటు అన్నీ ఆగిపోతాయి. నడిపేది నిజంగా మీరే అయితే ఉద్యమ్, ఎఫ్ఎస్ఎస్ఏఐ, బ్యాంకు ఖాతా, అద్దె కాగితం అన్నీ మీ ఒక్క పేరు మీదే ఉంచండి. ఇద్దరూ సమానంగా చేస్తుంటే భాగస్వామ్యం రాసుకుని వాటాలు తేల్చండి.

సంక్రాంతికి మొదలుపెడదామనుకుంటున్నాను. ఎప్పటి నుంచి కదలాలి?

పిండివంటలైతే దసరా నుంచి. రిజిస్ట్రేషన్, లేబుళ్లు, డబ్బాలు దీపావళిలోపు అయిపోవాలి. కార్తీకంలో చుట్టాలకి, తెలిసినవాళ్లకి నమూనా ఇచ్చి చూడండి, డబ్బు తీసుకునే ఇవ్వండి. డిసెంబరు మూడో వారానికి ఆర్డర్లు ఆపేయండి, లేకపోతే భోగినాడు కొరియర్ ఆఫీసు ముందు నిలబడాల్సి వస్తుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఫోనులోనే అవుతుంది. దానికి రెండు వేలో మూడు వేలో అడిగేవాళ్లు ప్రతి సెంటర్లోనూ ఉన్నారు, ఇవ్వకండి.